ఎండ రాని గదిలో మిరప: ముందు వెలుతురు లెక్క, తర్వాతే ఎరువు

మీరు చెప్పినది క్లుప్తంగా ఇది. ఎండ రాని గదిలో మొక్కలు పెంచే 60 సెంటీమీటర్ల చదరపు టెంటు, అట్టపెట్టె మీద 1000 వాట్లని రాసి ఉన్న ఎల్‌ఈడీ లైటు, మిరప విత్తనాలు. మొదటి విడత నారు సన్నగా సాగి పడిపోయింది. రెండో విడత నిలదొక్కుకుంది కానీ చిగుళ్లు ముడుచుకున్నాయి, వచ్చిన పూత వచ్చినట్టే రాలిపోయింది. ఇప్పుడు ఏ ఎరువు ఎంత వెయ్యాలని అడుగుతున్నారు.

ఎరువు సంగతి చెప్తాను కానీ అది మొదటి ప్రశ్న కాకూడదు. గదిలో పెరిగే మొక్క ఎంత నీరు తాగాలో, ఎంత ఎరువు తీసుకోవాలో, ఎన్ని కాయలు మోయాలో తేల్చేది దాని మీద పడే వెలుతురే. వెలుతురు తక్కువైన చోట నీళ్లు పెంచితే వేరు కుళ్లుతుంది, ఎరువు పెంచితే ఆకు అంచులు మాడతాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల మొక్కలు ఎక్కువగా పోయేది ఇలాగే. అందుకే లైటుతో మొదలుపెడదాం.

పెట్టె మీద రాసిన 1000 వాట్లను పట్టించుకోకండి. పాతకాలపు దీపాలతో పోల్చి వేసుకునే అంకె అది. లైటు నిజంగా ఎంత కరెంటు లాగుతుందో ప్లగ్గుకి పెట్టే వాట్ మీటరుతో చూడండి. అలాంటి లైట్లలో చాలావాటికి 100 వాట్లు చూపిస్తే గొప్పే. మంచి తెల్ల ఎల్‌ఈడీ బోర్డు ఒక వాటుకి సెకనుకు 2.5 నుంచి 2.8 మైక్రోమోళ్ల (మొక్క వాడుకునే వెలుతురుకి కొలత) వెలుతురు ఇస్తుంది. అంటే నిజమైన 100 వాట్ల లైటు నుంచి సుమారు 260 మైక్రోమోళ్లు. మీ టెంటు అడుగు 0.36 చదరపు మీటర్లు. గోడలు మింగేది, పక్కలకు పోయేది తీసేస్తే మొక్క తల మీద చదరపు మీటరుకు 500 పైచిలుకు పడుతుంది. మిరప కాయ కాయడానికి ఆ మాత్రం చాలు. గులాబీ ఊదా రంగు చౌక లైట్లు వాటుకి అందులో సగం కూడా ఇవ్వకపోవచ్చు. పైగా ఆ రంగు వెలుతురులో ఆకు పసుపో పచ్చో కూడా కనబడదు, తెగులు వస్తే పట్టుకోలేరు. కొత్తగా కొనేవాళ్లకు తెల్ల లైటే కొనమని గట్టిగా చెప్తాను.

మిరపకి కావలసినవి ఇవి. నారు దశలో 150 నుంచి 250 మైక్రోమోళ్లు, కొమ్మలు వేసే దశలో 300 నుంచి 400, పూత కాయ దశలో 450 నుంచి 600. కొలిచే అసలు మీటరు ఖరీదైనది, దాన్ని కొననక్కర్లేదు. ఫోనులో లక్స్ (మన కంటికి కనిపించే వెలుతురుకి కొలత) చూపే యాప్ పెట్టుకోండి. తెల్ల ఎల్‌ఈడీ వెలుతురుకి సుమారు 65 నుంచి 70 లక్స్ ఒక మైక్రోమోల్ అవుతుంది. ఆ లెక్కన నారుకి 13 వేల లక్స్, పెరిగే మొక్కకి 24 వేలు, కాయ దశకి 33 వేలు. ఫోను సెన్సారు ఇరవై శాతం అటూ ఇటూ చూపిస్తుంది, అయినా గుడ్డిగా ఊహించడం కన్నా చాలా మేలు. మామూలు ఇంటి దీపం కింద 300 నుంచి 500 లక్స్ మించి ఉండదు. మన కంటికి గది వెలిగిపోతున్నట్టే ఉంటుంది, మొక్కకి మాత్రం అది దాదాపు చీకటి. మీ మొదటి విడత నారు సాగడానికి మూలం ఈ వెలుతురు కొరతే.

గంటలు కూడా లెక్కలోకి రావాలి. మైక్రోమోళ్లను రోజుకి వెలిగే గంటలతో గుణించి, వచ్చినదాన్ని 0.0036తో గుణిస్తే రోజు మొత్తానికి చదరపు మీటరుకు అందిన వెలుతురు మోళ్లలో వస్తుంది. 200 చొప్పున 16 గంటలు వెలిగితే 11.5, నారుకి అది సరిపోతుంది. 350 చొప్పున 16 గంటలకి 20. కాయ దశలో 500 చొప్పున 14 గంటలకి 25. మిరపకి పూత రావడానికి పగలు పొట్టిగా ఉండాలన్న నియమం ఏమీ లేదు, కాబట్టి పూత కోసం గంటలు తగ్గించే పని పెట్టుకోకండి. అలాగని 24 గంటలూ వెలిగించకండి. తెరిపి లేని వెలుతురులో మిరప ఆకులు వంకర్లు పోతాయి. రోజుకి కనీసం 6 నుంచి 8 గంటల చీకటి ఉండాలి, అదీ రోజూ ఒకే వేళకి. టైమరు పెట్టి వదిలేయండి. 100 వాట్ల లైటు 16 గంటలు వెలిగితే రోజుకి 1.6 యూనిట్లు, నెలకి 48 యూనిట్లు అవుతుంది. ఫ్యాన్ల ఖర్చు దీనికి అదనం.

లైటు ఎత్తు విషయంలో ఎవరో చెప్పిన కొలతను కళ్లు మూసుకుని పాటించకండి, లక్స్ చూసి పెట్టండి. వెలుతురు తగ్గించే మీట ఉన్న లైటయితే నారుకి 30 నుంచి 40 శాతం మీద పెట్టి అర మీటరు పైన వేలాడదీయండి. తర్వాత వారానికి కొంచెం చొప్పున పెంచుతూ పోవాలి. ఒక్కరోజులో రెట్టింపు చేస్తే పై ఆకులు అంచులు పైకి లేపి దోనెలా మడుచుకుంటాయి, ఇంకా ఎక్కువైతే తెల్లబారతాయి. ఆకు చేతికి వేడిగా తగలకపోయినా వెలుతురు ఎక్కువై ఉండొచ్చు. ఎల్‌ఈడీ విషయంలో చేతి పరీక్షను నమ్మకూడదు.

ఇక గాలి. టెంటు 160 సెంటీమీటర్ల ఎత్తుంటే లోపల ఉండేది 576 లీటర్ల గాలి. తలుపు మూసి దీపం వెలిగిస్తే మొక్కలు అందులోని కార్బన్ డయాక్సైడును తొందరగానే వాడేస్తాయి, ఆపైన వెలుతురు ఉన్నా పెరుగుదల మందగిస్తుంది. నిమిషానికి ఒకసారి గాలి మొత్తం మారాలనుకుంటే గంటకి 35 ఘనపు మీటర్లు లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను కావాలి. వంద మిల్లీమీటర్ల చిన్న ఫ్యాను దీనికి ఎక్కువే, వేగం తగ్గించి నడపండి, చప్పుడూ తగ్గుతుంది. ఫ్యాను పైన ఒక మూల, గాలి లోపలికి వచ్చే కంత కింద ఎదుటి మూల ఉండాలి. ఆ కంత ఫ్యాను నోరు కన్నా పెద్దదిగా ఉంటే టెంటు గోడలు లోపలికి పీల్చుకుపోవు. ఇది కాక లోపల ఒక చిన్న క్లిప్పు ఫ్యాను తిరుగుతూ ఉండాలి. ఆకులు సన్నగా కదిలితే చాలు, రెపరెపలాడకూడదు. నారు కాండం గట్టిపడేది ఈ కదలిక వల్లే.

పగటి వేడి 24 నుంచి 28 డిగ్రీలు, రాత్రి 18 నుంచి 21. గాలిలో తేమ 60 నుంచి 70 శాతం. లైటు లాగే కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది, అందుకే టెంటు లోపల గది కన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువుంటుంది. ఎండాకాలంలో ఇది ఇబ్బందే. అప్పుడు లైటు వెలిగే గంటల్ని రాత్రికి మార్చేయండి, మొక్కకి తేడా తెలియదు. వేడి, తేమ చూపే చిన్న డిజిటల్ మీటరును ఆకుల ఎత్తులోనే, నేరుగా వెలుతురు పడకుండా కట్టండి. లైటు కింద ఎదురుగా పెట్టిన మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ వేడి చూపిస్తుంది.

నారు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ మొదటి విడత అక్కడే పోయింది. మిరప విత్తనం మొలిచేది వెచ్చదనంతో. మట్టి వేడి 26 నుంచి 30 డిగ్రీలుంటే మామూలు మిరప వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తుంది. 20 డిగ్రీల కింద మూడు నాలుగు వారాలు తీసుకుని సగం కుళ్లిపోతుంది. భూత్ జొలొకియా లాంటి మంట రకాలు వెచ్చగా ఉన్నా మూడు నాలుగు వారాలు పట్టించవచ్చు, తొందరపడి తవ్వి చూడకండి. గోరువెచ్చని నీళ్లలో ఎనిమిది పది గంటలు నానబెట్టి, అర సెంటీమీటరు లోతున పెట్టండి. మరీ పైపైన పెడితే గింజ తొక్క ఊడకుండా బీజదళాలకి టోపీలా అంటుకుని వస్తుంది. అలా వస్తే ఒక నీటి చుక్క వేసి గంట ఆగి సున్నితంగా తీయాలి, పొడిగా ఉండగా లాగితే మొక్క తల తెగిపోతుంది.

నారు ట్రేకి మూత పెట్టేది మొలిచేవరకే. సగం గింజలు తల ఎత్తగానే మూత తీసేయండి, అదే రోజు లైటు వెయ్యండి. వెచ్చదనం ఉండి వెలుతురు లేని రెండు రోజులు చాలు, నారు దారంలా సాగడానికి. అలా సాగిన నారు మొదట్లో నీరు పట్టినట్టై నడుం విరిగి పడిపోతే అది నారుకుళ్లు తెగులు. పిథియం, రైజోక్టోనియా లాంటి మట్టిలోని సూక్ష్మజీవుల పని. తడి ఎక్కువై, గాలి ఆడక, పాత మట్టి వాడితే వస్తుంది. పడిపోయిన మొక్కకి మందు లేదు, పీకి పారేయాలి. రాకుండా చూసుకోవడమే మార్గం: కొత్త కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కడిగిన ట్రే, పైనుంచి పొయ్యకుండా అడుగు నుంచి నీరు పీల్చుకోనివ్వడం, సన్నటి గాలి. సాగినా నిలబడి ఉన్న నారుని మార్చి నాటేటప్పుడు ఒకటి రెండు సెంటీమీటర్లు లోతుగా నాటవచ్చు. టమాటాలాగా మిరప కాండం నుంచి దండిగా వేర్లు రావు కనుక మెడ వరకు పాతిపెట్టే పని చేయకండి.

నారుకి వాడే మిశ్రమంలో ఎరువులేమీ వద్దు. కడిగిన కోకోపీట్ మూడు పాళ్లు, పెర్లైట్ (గాలి ఆడేలా చేసే తేలికైన తెల్లటి రవ్వ) ఒక పాలు. రెండు అసలు ఆకులు వచ్చాక 200 మిల్లీలీటర్ల కప్పుల్లోకి, ఆరేడు ఆకులొచ్చాక పెద్ద కుండీలోకి. నేరుగా పది లీటర్ల కుండీలో బుల్లి మొక్కను నాటితే, అది తాగలేని నీరంతా అక్కడే నిలిచి వేరుకి ఊపిరాడదు. మీ టెంటులో రెండు మొక్కలే పెట్టండి, ఒక్కోదానికి పది లీటర్ల కుండీ. పొట్టిగా గుబురుగా పెరిగే రకమైతే ఐదారు లీటర్ల కుండీలు నాలుగు పట్టవచ్చు. ఆరు మొక్కలు పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. నెలన్నర తిరిగేసరికి ఆకు మీద ఆకు పడి, కింద గాలి ఆడక, తెగులు మొదలవుతుంది. రెండు మొక్కల కాయే ఆరు మొక్కల కాయకన్నా ఎక్కువ వస్తుంది.

కోకోపీట్ గురించి ఒక ముఖ్యమైన మాట. కొబ్బరి పీచు పొట్టు సోడియం, పొటాషియం లవణాల్ని పట్టుకుని ఉంటుంది. కడగకుండా వాడితే అవి నీళ్లలోకి వచ్చి, వాటి స్థానంలో మీరిచ్చిన కాల్షియం, మెగ్నీషియం కూర్చుంటాయి. మొక్కకి అవి చేరవు. 650 గ్రాముల ఇటుకని నాలుగు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో నానబెడితే ఎనిమిది తొమ్మిది లీటర్ల పొట్టు అవుతుంది. కారే నీటి ఈసీ (నీటిలో ఎంత లవణం కరిగి ఉందో చెప్పే కొలత) 0.5 లోపుకి వచ్చేదాకా మంచినీళ్లతో కడగండి. తర్వాత లీటరుకి 2 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో రాత్రంతా నాననిచ్చి, వంపేసి, ఇంకోసారి కడిగి వాడండి. పెద్ద కుండీల మిశ్రమం: ఈ కోకోపీట్ 14 లీటర్లు, పెర్లైట్ 4 లీటర్లు, బాగా మాగిన వర్మీకంపోస్టు 2 లీటర్లు. రెండు కుండీలకి సరిపోతుంది. తోట మట్టి తెచ్చి కలపకండి. కుండీలో అది గట్టిపడుతుంది, దానితోపాటు పురుగుల గుడ్లూ ఇంట్లోకి వస్తాయి.

నీళ్లు ఎన్ని రోజులకోసారి పొయ్యాలి అన్నదానికి రోజుల్లో జవాబు లేదు. కుండీ ఎత్తి చూడండి. నిండా తడిపి నీరు కారడం ఆగాక ఒకసారి ఎత్తి ఆ బరువు చేతికి గుర్తుపెట్టుకోండి, అది మూడో వంతు తేలికయ్యాక మళ్లీ పొయ్యండి. పై పొర ఆరినా లోపల తడి ఉంటుంది, వేలు పెట్టి చూస్తే మోసపోతారు. కప్పులో ఉన్న నారుకి రెండు మూడు రోజులకి 30 నుంచి 40 మిల్లీలీటర్లు సరిపోతాయి. ముదిరిన మొక్కలు రెండూ కలిసి 100 వాట్ల కింద రోజుకి సుమారు ఒకటి నుంచి రెండు లీటర్లు తాగుతాయి. అంతకు మించి తాగలేవు, ఎందుకంటే నీరు ఆవిరి కావడానికి కావలసిన శక్తి ఆ లైటు నుంచే రావాలి. ఎండలో పెరిగే మొక్కకి పోసినట్టు పోస్తే ఏమవుతుందో ఇక చెప్పనక్కర్లేదు. పోసినప్పుడు మాత్రం పోసినదాంట్లో 15 నుంచి 20 శాతం అడుగునుంచి కారేలా పొయ్యండి, లవణాలు పేరుకోకుండా ఉంటాయి. పళ్లెంలో నిలిచిన నీరు అరగంటలో తీసెయ్యాలి.

ఇప్పుడు మీరడిగిన ఎరువు. రెండు చిన్న మీటర్లు కొనండి, ఒకటి ఈసీకి, ఒకటి పీహెచ్‌కి. ఈ రెండూ లేకుండా కోకోపీట్‌లో ఎరువు వెయ్యడం మంచిది కాదని నా అభిప్రాయం. నారు దశలో ఈసీ 0.6 నుంచి 0.8, పెరిగే దశలో 1.2 నుంచి 1.5, కాయ దశలో 1.6 నుంచి 2.0. పీహెచ్ (నీరు ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) 5.8 నుంచి 6.2. పెరిగే దశకి లీటరు నీటికి 0.5 గ్రాముల 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న ఎరువు), 0.6 గ్రాముల కాల్షియం నైట్రేట్, 0.4 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్. మీ నీళ్లను బట్టి ఇది 1.3 నుంచి 1.6 మధ్య వస్తుంది, ఎక్కువొస్తే నీళ్లు కలపండి. సూక్ష్మపోషకాల మిశ్రమం ప్యాకెట్ మీద రాసినదాంట్లో సగం. పూత మొదలయ్యాక దీనికి లీటరుకి 0.3 గ్రాముల పొటాషియం నైట్రేట్ చేర్చండి. అర గ్రాము కొలవడానికి చెంచా పనికిరాదు, 0.01 గ్రాము చూపే తూకం కావాలి. లేదంటే పది లీటర్లకి ఒకేసారి కలపండి, అప్పుడు 5 గ్రాములు, 6 గ్రాములు తూస్తే చాలు.

కలిపే వరుస తప్పకూడదు. బకెట్ నిండా నీళ్లు ముందు, తర్వాత కాల్షియం నైట్రేట్ పూర్తిగా కరగాలి, ఆ తర్వాత మిగిలినవి ఒక్కొక్కటిగా, ఆఖరున పీహెచ్ సరిచేయడం. చిక్కటి ద్రావణాలు చేసి నిల్వ పెట్టుకోవాలంటే కాల్షియం నైట్రేట్ ఒక సీసాలో, మిగిలినవి ఇంకో సీసాలో ఉండాలి. చిక్కగా ఉన్నప్పుడు కాల్షియం, సల్ఫేటు కలిస్తే జిప్సం అయిపోతుంది, ఫాస్ఫేటుతో కలిస్తే తెల్లటి మడ్డి కడుతుంది. మడ్డి పట్టిన ఎరువు మొక్కకి అందదు. కుళాయి నీరు కఠినజలమైతే అందులో బైకార్బనేట్లుండి పీహెచ్ పైకి ఎగబాకుతూ ఉంటుంది, ఫాస్ఫారిక్ ఆమ్లం చుక్కలతో దించాలి. నిమ్మ ఉప్పుతో దించిన పీహెచ్ ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పెరుగుతుంది. ఆర్వో నీళ్లలో కాల్షియం దాదాపు ఉండదు, దాన్ని వాడేవాళ్లు కాల్షియం నైట్రేట్ మానకూడదు.

వారానికోసారి కారిన నీటి ఈసీ చూడండి. మీరు 1.4 పోస్తే కారింది 2 ఉంటే పరవాలేదు. 3 దాటిందంటే లవణం పేరుకుందని అర్థం, ఆకు కొసలు మాడటం అక్కడినుంచే. అప్పుడు ఉత్త నీళ్లతో కడగకుండా, ఈసీ 0.8 ఉన్న పల్చటి ద్రావణంతో కుండీ పరిమాణానికి రెట్టింపు పోసి కడగండి. ఉత్త నీళ్లు పోస్తే కోకోపీట్‌లో కాల్షియం సమతూకం చెదురుతుంది.

ముడత సంగతి. మీ మొక్కల్లో ముడత ఏ వైపుకి ఉందో చూడండి, జవాబు సగం అక్కడే ఉంటుంది. ఆకు అంచులు పైకి మడుచుకుని పడవలా ఉంటే పై ముడత, అంటే తామర పురుగులు. ఆకు అడుగున ఈనెల పక్కన వెండి రంగు గీతలు, సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తాయి. చిగురు దగ్గర తెల్లకాగితం పెట్టి తడితే దారపు ముక్కల్లాంటి పురుగులు రాలి పాకుతాయి. ఆకులు కిందికి మడుచుకుని తిరగేసిన దోనెలా ఉండి, కాడలు సాగి, చిగురు గిడసబారి, కొత్త ఆకులు గట్టిగా పెళుసుగా ఉంటే కింది ముడత, అంటే తెల్లనల్లి. ఇది మామూలు కంటికి కనబడదు, అరవై రెట్లు చూపే చిన్న భూతద్దం కావాలి. ఈ రెండూ కాకుండా పై వరస ఆకులు మాత్రమే దోనెలా లేచి, కింద ఆకులు బాగుంటే అది వెలుతురు ఎక్కువైన లక్షణం, లైటు పది సెంటీమీటర్లు పైకెత్తితే నాలుగైదు రోజుల్లో కొత్త చిగురు తిన్నగా వస్తుంది. ఈ మూడింటికీ కాల్షియం లోపమని పేరు పెట్టి ఎరువు పోస్తుంటారు. దయచేసి చూడకుండా పొయ్యకండి.

తామర పురుగులకి నీలి జిగురు అట్టలు కట్టండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, 1 మిల్లీలీటరు ద్రవ సబ్బు కలిపి ఆకుల అడుగు తడిసేలా ఐదు రోజులకొకసారి మూడు సార్లు కొట్టండి. ఒక్కసారి కొడితే లాభం లేదు, గుడ్లలోంచి వచ్చేవీ, మట్టిలో దాక్కున్నవీ మళ్లీ ఎక్కుతాయి. తెల్లనల్లికి నీటిలో కలిసే గంధకం పొడి లీటరుకి 3 గ్రాములు బాగా పనిచేస్తుంది. కానీ గంధకానికీ నూనెకీ మధ్య కనీసం రెండు వారాలు ఎడం ఉండాలి, లేకపోతే ఆకులు మాడతాయి. 30 డిగ్రీలు దాటిన వేడిలో గంధకం వద్దు. ఏ మందైనా లైటు ఆరాకే కొట్టాలి, మొక్కని టెంటు బయటికి తీసి, కిటికీలు తెరిచి, చేతికి తొడుగు, ముక్కుకి మాస్కు వేసుకుని కొట్టాలి. ఆకులు ఆరాకే లోపలికి తేవాలి. ఇంట్లో పెరిగే మొక్క కనుక ఘాటైన పురుగుమందులు ముట్టుకోకపోవడమే క్షేమం.

కుండీ మీద నల్లటి చిన్న ఈగలు ముసురుతుంటే తడి ఎక్కువైందని అర్థం. వాటి పిల్లపురుగులు వేరు నూగుని తింటాయి. పై మూడు సెంటీమీటర్లు ఆరనివ్వండి, పసుపు జిగురు అట్టలు పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే బాసిల్లస్ తురింజెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్ అనే బాక్టీరియా పొడి నీళ్లలో కలిపి పొయ్యండి.

ఆకు అడుగున ఉప్పురవ్వల్లాంటివి కనిపిస్తే భయపడకండి. నీటితో తుడిస్తే కరిగిపోతే అది మొక్క వదిలిన రసం ఎండినది. కరగకుండా ఆకు కండలోనే బుడిపెల్లా ఉంటే నీటి పొంగు. గాలిలో తేమ ఎక్కువై, వేరు తాగిన నీరు ఆవిరి కాలేక వస్తుంది. ఫ్యాను పెంచి, నీళ్లు తగ్గిస్తే కొత్త ఆకులకి రాదు. దీన్ని పురుగు గుడ్లనుకుని మందు కొట్టేవాళ్లు చాలామంది.

పూత రాలడానికి గదిలో మూడు కారణాలుంటాయి. మొదటిది వేడి: పగలు 32 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చుబడుతుంది, రాత్రి వేడి 24 దాటినా పూత నిలవడం తగ్గుతుంది. రెండోది నత్రజని ఎక్కువై ఆకు ముదురుపచ్చగా, పెద్దగా పెరగడం. మూడోది అసలు కదలికే లేకపోవడం. మిరప పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి, తేనెటీగ లేకపోయినా కట్టుకుంటుంది. కానీ పుప్పొడి రాలాలంటే పువ్వు అదరాలి. లైటు వెలిగిన రెండు మూడు గంటల తర్వాత, పుప్పొడి పొడిగా ఉన్నప్పుడు, విద్యుత్ టూత్ బ్రష్షు వెనుక భాగాన్ని పూకాడకి రెండు సెకన్లు ఆనించండి. లేదా కొమ్మని వేలితో తట్టండి. రోజు విడిచి రోజు చేస్తే చాలు. పువ్వు కట్టుకుంటే రేకులు వాడినా కాడ పచ్చగా ఉంటుంది, కట్టుకోకపోతే కాడ మొదట్లో పసుపు తిరిగి రెండు మూడు రోజుల్లో రాలిపోతుంది.

మిరప ఎనిమిది నుంచి పన్నెండు ఆకుల తర్వాత తనంతట తానే రెండుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర వచ్చే మొదటి పువ్వుని గిల్లేయండి, మొక్క ముందు కొమ్మలు పెంచుకుంటుంది. టెంటు ఎత్తు తక్కువ కాబట్టి ఆరో కణుపు పైన చిగురు తుంచితే గుబురుగా వస్తుంది, పూత రెండు వారాలు వెనక్కి పోతుంది, అంతే. పొగాకు ముట్టుకున్న చేతులతో మొక్కని తాకకండి. పొగాకు మొజాయిక్ వైరస్ మిరపకీ వస్తుంది, వచ్చాక పోదు. సబ్బుతో చేతులు కడుక్కుంటే సరిపోతుంది.

పిందెలు పడ్డాక అడుగు కొన దగ్గర గోధుమరంగు మచ్చ నీరు పట్టి నల్లబడితే అది కాయ అడుగు కుళ్లు. కాల్షియం కాయ దాకా చేరలేదని అర్థం. కుండీలో లేకపోవడం కన్నా, కుండీ బాగా ఎండి ఒక్కసారిగా తడవడం, పొటాషియం మితిమీరడం, గాలి మరీ పొడిగా ఉండి నీరంతా ఆకులకే పోవడం ఇందుకు కారణాలు. తడిని నిలకడగా ఉంచడమే మందు. ఆకుల మీద కాల్షియం కొట్టినా కాయకి చేరేది స్వల్పం. పువ్వు కట్టుకున్న 35 నుంచి 50 రోజుల్లో పచ్చికాయ నిండుతుంది, ఎర్రబడటానికి ఇంకో రెండు నుంచి నాలుగు వారాలు. విత్తిన నాటినుంచి తొలి పండుకాయకి నాలుగు నెలలు పట్టడం మామూలే. కోసేటప్పుడు లాగకుండా కత్తెరతో తొడిమ కోయండి, లాగితే కొమ్మ చీలుతుంది.

కరెంటు విషయంలో నిర్లక్ష్యం వద్దు. నీళ్లు, కరెంటు ఒకే చిన్న జాగాలో ఉన్నాయి. లైటు డ్రైవరు (లైటుకి తగిన కరెంటు అందించే పెట్టె) టెంటు బయట, నేలకి ఎత్తుగా ఉండాలి. ప్లగ్ బోర్డు గోడకి బిగించాలి. ప్రతి తీగా ప్లగ్గుకి చేరే ముందు కిందికి వంపు తిరిగి పైకి వెళ్లేలా కడితే, జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే పడిపోతుంది. ఆ లైనుకి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా ఉండాలి.

ఇప్పుడు మీ దగ్గరున్న మొక్కలకి చేయాల్సింది ఈ వరుసలో. ఈరోజు లైటు లాగే వాట్లు, ఆకుల మీద లక్స్, కారిన నీటి ఈసీ మూడూ కొలవండి. రేపు భూతద్దంతో ఆకు అడుగు చూడండి. పురుగో నల్లో తేలితే ముందు దాని పని పట్టండి, అప్పటిదాకా ఎరువు సగానికి తగ్గించండి. ఉన్న పువ్వులు, మొగ్గలు గిల్లేయండి. మడుచుకున్న పాత ఆకులు మళ్లీ విచ్చుకోవు, కాబట్టి వాటిని చూసి మందు పనిచేయలేదనుకోకండి. పది రోజుల తర్వాత వచ్చే కొత్త చిగురు తిన్నగా ఉంటేనే దారిలో పడినట్టు. చిగుళ్లన్నీ గిడసబారి ఉంటే మొక్కని పారేయనక్కర్లేదు. మిరప ఏళ్ల తరబడి బతికే మొక్క. తెల్లనల్లి పోయిందని నిర్ధారించుకున్నాక, కాండాన్ని 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున, రెండు మూడు కణుపులు మిగిలేలా కోసేసి, నీళ్లు బాగా తగ్గించి, లైటుని మళ్లీ నారు మోతాదుకి దించండి. రెండు మూడు వారాల్లో కణుపుల దగ్గర కొత్త చిగుళ్లు వస్తాయి, అవి పెరిగే కొద్దీ వెలుతురు, ఆ తర్వాత నీరు, ఆ తర్వాత ఎరువు పెంచుకుంటూ రండి.